కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో పాలగిన్నె: మానెయ్యాలా, కొలత మార్చాలా?



ఈ వారం మల్బరీ తోట, గూళ్ల రేటు పక్కన పెట్టి ఇంట్లో కంచం గురించి మాట్లాడుకుందాం. మనలో చాలామందికి షెడ్డుతో పాటు పాడి కూడా ఉంది. పురుగులు తిని వదిలేసిన కాడలు, మిగిలిన ఆకు ఆవులకీ గేదెలకీ వేస్తాం. ఇంట్లో పాలకి కరువు ఉండదు. షోలాపూర్ కొంతం చౌక్ వైపు చుట్టాలున్నవాళ్లు అటు పోయేటప్పుడు డబ్బాలో పాలో పెరుగో నెయ్యో పట్టుకెళ్లడం మామూలే. ఇప్పుడు అలా పట్టుకెళ్లే ముందు ఒక ప్రశ్న అడుగుతున్నారు: "మా బాపుకి క్రియాటినిన్ పెరిగింది. పాలు, పెరుగు మొత్తం బంద్ చెయ్యమంటున్నరు. నిజంగ చెయ్యాల్నా?"

ఒక్క ముక్కలో చెప్పాలంటే, చాలామంది విషయంలో పాలు పూర్తిగా మానక్కర్లేదు, కొలత మార్చుకోవాలి. ఆ కొలత చుట్టాలు చెప్పేది కాదు, రక్తం రిపోర్టు చూసి డాక్టరు చెప్పేది. మిగతా వ్యాసమంతా ఆ కొలత ఎలా అడగాలి, ఎలా పాటించాలి అన్నదే.

*కొంతం చౌక్‌లో ఈ మాట ఎందుకొచ్చింది*

తెలియనివాళ్లకి ఒక మాట. తెలంగాణ పల్లెల నుంచి తరాల కిందట మగ్గం పని వెతుక్కుంటూ పోయిన పద్మశాలీలు స్థిరపడ్డ పేటల్లో కొంతం చౌక్ ఒకటి. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. మగవాళ్లు చద్దర్లు, టవళ్లు నేసే సాంచెల మీద, ఆడవాళ్లు బీడీల చాటల ముందు. నారళీ పున్నమికి మార్కండేయ స్వామి రథం ఊరేగితే ఊరంతా కదులుతుంది.

అక్కడి రోజు ఎలా గడుస్తుందో చూడండి. ఎండాకాలం షోలాపూర్‌లో ఎండ 42, 43 డిగ్రీలకి పోతుంది. రేకుల కింద సాంచెల మధ్య ఆ వేడి ఇంకా ఎక్కువ. చెమట కారుతున్నా నీళ్లు తాగడానికి లేవరు, మధ్యలో చాయ్ మాత్రం నాలుగైదు సార్లు. నడుము నొప్పి, భుజం నొప్పి వస్తే మందుల షాపులో గోళీ కొనుక్కుని మళ్లీ పనిలోకి. షుగరు, బీపీ ఉన్నా తెలియక కొన్నేళ్లు గడిచిపోతాయి.

కిడ్నీ చెడడానికి పెద్ద కారణాలు రెండు: షుగరు, బీపీ. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి గోళీలు రోజూ మింగడం కూడా కిడ్నీని దెబ్బతీస్తుంది. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు వేసుకుంటే ప్రమాదం మరీ ఎక్కువ. పాలు తాగినందువల్ల ఈ జబ్బు రాదు. జబ్బు వచ్చాక మాత్రం పాల లెక్క చూసుకోవాలి. ఈ రెండు మాటల్నీ కలిపేయడం వల్లే సగం గందరగోళం.

*కిడ్నీ పని మన షెడ్డు భాషలో*

పండిన పురుగు చంద్రిక ఎక్కి గూడు కట్టే వేళ ఒంట్లో ఉన్న మూత్రం వదిలేస్తుంది. ఆ తేమ గాలాడక షెడ్డులోనే నిలిస్తే ఏమవుతుందో మీకు మేం చెప్పక్కర్లేదు. ఆకు ఎంత మంచిదైనా గూడు దెబ్బతింటుంది. మనిషి ఒంట్లోనూ అంతే. రెండు కిడ్నీలు కలిసి రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులోంచి లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికి పంపుతాయి. ఆ వడపోత తగ్గినప్పుడు మనం తిన్నదాంట్లో నాలుగు సరుకులు లోపలే పేరుకుంటాయి.

ఒకటి, ప్రొటీన్ అరిగాక మిగిలే యూరియా. రెండు, ఫాస్ఫరస్. ఇది పెరిగితే ఒళ్లంతా దురద, ఎముకల్లోంచి కాల్షియం కరిగిపోవడం, రక్తనాళాలు గట్టిపడటం. మూడు, పొటాషియం. ఇది బాగా పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఉంది, ముందు చెప్పి రాదు. నాలుగు, ఉప్పూ నీళ్లూ. కాళ్ల వాపు, ఆయాసం, బీపీ వీటివల్లే.

వడపోత ఎంత మిగిలిందో చెప్పే అంకెని ఈజీఎఫ్ఆర్ అంటారు. క్రియాటినిన్ రిపోర్టు పక్కనే రాసి ఉంటుంది, లేకపోతే డాక్టర్ని అడగండి. 90 పైన ఉంటే మామూలు. 60 కంటే తక్కువ మూడు నెలలకి మించి ఉంటే దీర్ఘకాల కిడ్నీ జబ్బు అంటారు. 30 నుంచి 59 దాకా మూడో దశ, 15 నుంచి 29 దాకా నాలుగో దశ, 15 కంటే కిందకి పడితే ఐదో దశ.

*పాలల్లో ఏముంది*

ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల పాలల్లో ప్రొటీన్ 6 నుంచి 8 గ్రాములు, ఫాస్ఫరస్ సుమారు 200 మిల్లీగ్రాములు, పొటాషియం 200 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. గేదె పాలల్లో ప్రొటీన్, వెన్న ఎక్కువ. పెరుగు లెక్క పాల లెక్కే. పాలు తోడుకున్నంత మాత్రాన ఫాస్ఫరస్ ఎక్కడికీ పోదు.

మజ్జిగ వేరు. కప్పులో పావు వంతు పెరుగు వేసి మిగతా నీళ్లతో చిలికితే ఆ సరుకులన్నీ పావు వంతుకి పడిపోతాయి. కానీ అందులో వేసే ఉప్పు లెక్కలోకి వస్తుంది, నీళ్లూ లెక్కలోకి వస్తాయి.

కోవా, పాలపొడి, బాసుంది అంటే పాలని ఇగిర్చినట్టు. చిన్న ముక్క కోవాలో గ్లాసు పాల బరువు దాగి ఉంటుంది. పనీర్‌లో ప్రొటీన్, ఫాస్ఫరస్ రెండూ ఎక్కువే. పొటాషియం మాత్రం విరిగిన నీళ్లలో చాలావరకు పోతుంది.

నెయ్యి, వెన్నల్లో ఈ మూడూ దాదాపు లేవు. అందుకే పాలు తగ్గించమన్న మనిషికి అన్నంలో చెంచా నెయ్యి సాధారణంగా అడ్డం కాదు. గుండె జబ్బు, కొవ్వు ఎక్కువున్నవాళ్లు అది వేరే అడగాలి.

*దశ మారితే కొలత మారాలి*

రెండో జ్వరం దాటేదాకా చాకీ పురుగుకి లేత ఆకు సన్నగా తరిగి వేస్తాం. నాలుగో జ్వరం దాటాక కొమ్మలతో సహా వేస్తాం. చెట్టు అదే, ఆకు అదే, పురుగు దశని బట్టి కొలత మారుతుంది. కిడ్నీ మనిషి తిండి కూడా అలాగే చూడాలి.

*మొదటి, రెండో దశ:* పాలు తగ్గించాల్సిన పని సాధారణంగా ఉండదు. ఉప్పు తగ్గించడం, షుగరు, బీపీ అదుపులో పెట్టడం, నొప్పి గోళీలు మానడం ఇక్కడ ముఖ్యం. చక్కెర లేని పాలు, పెరుగు మామూలుగానే తీసుకోవచ్చు.

*మూడు, నాలుగు దశలు, డయాలసిస్ లేనివాళ్లు:* రోజు మొత్తం మీద ప్రొటీన్ కిలో బరువుకి 0.8 గ్రాముల దగ్గర ఆపమంటారు. కొందరికి డాక్టర్లు ఇంకా తగ్గిస్తారు. 60 కిలోల మనిషికి ఇది 48 గ్రాములు. రక్తంలో ఫాస్ఫరస్ 4.5 లోపు, పొటాషియం 5 లోపు ఉన్నాయంటే రోజుకి అర గ్లాసు పాలు, చిన్న కప్పు పెరుగు చాలామందికి సరిపడతాయి. ఆ అంకెలు దాటితే ఇంకా తగ్గించాలి.

*డయాలసిస్ మీద ఉన్నవాళ్లు:* ఇక్కడే చాలా ఇళ్లలో తేడా కొడుతుంది. డయాలసిస్‌లో ప్రొటీన్ కూడా కొంత పోతుంది కాబట్టి వీళ్లకి ప్రొటీన్ పెంచాలి, కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. డయాలసిస్‌కి ముందు రాసిచ్చిన పాత చీటీ పట్టుకుని ఇంకా పప్పు, గుడ్డు, పెరుగు మానేసినవాళ్లు చిక్కి సగమవుతారు. ఫాస్ఫరస్ మాత్రం వీళ్లకి పెద్ద శత్రువు. ఒక డయాలసిస్‌లో పోయే ఫాస్ఫరస్ కంటే రెండు, మూడు రోజుల తిండిలో వచ్చేది ఎక్కువ. అందుకే పాలకన్నా గుడ్డు తెల్లసొన మేలంటారు. అందులో ప్రొటీన్ నిండుగా, ఫాస్ఫరస్ చాలా కొంచెంగా ఉంటాయి.

*కిడ్నీ మార్పిడి అయినవాళ్లు:* పాలు తాగొచ్చు, కానీ బాగా మరగకాచినవే. గుమ్మపాలు, కాచని పాల వెన్న వద్దు. వాళ్లు వేసుకునే మందులు ఒంటి కాపలాని తగ్గిస్తాయి. మన పాడి పాలు పట్టుకెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రాళ్ల జబ్బు వేరు, ఇది వేరు. మూత్రంలో రాళ్లున్నాయని పాలు మానేసేవాళ్లు చాలామంది. తిండిలో కాల్షియం మరీ తగ్గితే ఆక్సలేటు ఎక్కువ ఒంటికి పట్టి కొన్ని రకాల రాళ్లు ఇంకా పెరుగుతాయి. దానికీ డాక్టర్నే అడగండి.

*షోలాపూర్ కంచం లెక్క*

పాల మీదే నింద వేస్తే మిగతా కంచం తప్పించుకుంటుంది. డయాలసిస్ లేని 60 కిలోల మనిషి ఒక రోజు తిండి వేసి చూద్దాం. అంకెలన్నీ సుమారువే.

జొన్న రొట్టెలు, 150 గ్రాముల పిండివి: ప్రొటీన్ 15 గ్రాములు
అన్నం, 100 గ్రాముల బియ్యంది: 8
పప్పు, పిడికెడు, 30 గ్రాములు: 7
చాయ్‌లకి పాలు, అర గ్లాసు: 3
పెరుగు, చిన్న కప్పు: 3
కూరగాయలు: 4
గుడ్డు ఒకటి: 6

మొత్తం 46. మనకున్న హద్దు 48. అంటే కొలతలో పెట్టుకుంటే జొన్న రొట్టె, పప్పు, గుడ్డు, పాలు, పెరుగు అన్నీ కంచంలో ఉన్నాయి, హద్దు దాటలేదు. గుడ్డు తినని ఇంట్లో దాని చోటు ఇంకో కప్పు పెరుగుకి ఇవ్వొచ్చు.

ఇదే రోజుకి ఫాస్ఫరస్ లెక్క వేస్తే 900 మిల్లీగ్రాములకి కాస్త అటూ ఇటూ వస్తుంది. అందులో పాలూ పెరుగూ కలిపి ఐదో వంతు. జొన్నలో అంకె పెద్దదిగా కనిపిస్తుంది, కానీ గింజలో, పప్పులో ఉన్న ఫాస్ఫరస్ అంతా ఒంటికి పట్టదు, సగం కూడా పట్టదు. పాలు, మాంసంలోది సగం, కొన్నిసార్లు సగానికి కాస్త పైన పడుతుంది. కంపెనీ తిండిలో కలిపే ఫాస్ఫేటు మాత్రం దాదాపు మొత్తం పడుతుంది.

కాబట్టి ముందు బంద్ చెయ్యాల్సింది ఇంటి పెరుగు కాదు. నల్లటి కోలా సీసాలు, ప్యాకెట్ చీజ్ ముక్కలు, పాలకి బదులు చాయ్‌లో కలిపే తెల్లపొడి, ప్యాకెట్ మాంసం. ప్యాకెట్ వెనక ఐఎన్ఎస్ అని రాసి 338, 339, 340, 341, 450, 451, 452 అనే అంకెలు కనిపిస్తే అది ఫాస్ఫేటు. చదువుకునే పిల్లలకి ఈ అంకెలు చెప్పండి, వాళ్లే చూసి పెడతారు.

ఇక షోలాపూర్ పేరు చెబితే గుర్తొచ్చే శేంగా చట్నీ. రెండు చెంచాలు నిండుగా వేసుకుంటే పాతిక గ్రాముల పల్లీలు. పొటాషియం 170 మిల్లీగ్రాముల దాకా, పైన ఉప్పు. పాలు మానేశామని ధీమాగా ఉండి మూడు పూటలా ఈ చట్నీ వేసుకుంటే లాభమేంటి? పొటాషియం పెరిగినవాళ్లకి చింతపండు పులుసు, బెల్లం చాయ్, అరటిపండు, కొబ్బరినీళ్లు కూడా లెక్కలోవే. "కొబ్బరినీళ్లు చలవ" అని ఆసుపత్రికి పట్టుకెళ్లే అలవాటు ఉంది మనకి. పొటాషియం ఎక్కువున్న మనిషికి ఆ ఒక్క బోండం చాలా చేటు.

కూరగాయలు, ఆకుకూరల్లో పొటాషియం తగ్గించడానికి ఒక పద్ధతి ఉంది. చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి తర్వాత తాలింపు పెట్టాలి. ఆలుగడ్డకీ ఇదే.

*ఉప్పు, నీళ్లు, గోళీలు*

ఉప్పు రోజుకి మొత్తం 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. అప్పడం, ఊరగాయ, మజ్జిగలో ఉప్పు అన్నీ అందులోనే. ఉప్పు తగ్గించాలని "తక్కువ సోడియం ఉప్పు" ప్యాకెట్ కొంటారు కొందరు. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. కిడ్నీ మనిషికి అది వద్దు.

డయాలసిస్ మీద ఉండి మూత్రం తగ్గినవాళ్లకి నీళ్ల కొలత ఉంటుంది. సాధారణంగా ముందురోజు వచ్చిన మూత్రం కొలిచి, దానికి అర లీటరు కలిపి చెబుతారు. చాయ్, పాలు, మజ్జిగ, చారు, గంజి, అన్నీ ఆ కొలతలోవే. పొద్దున్నే ఒక సీసాలో ఆ రోజు నీళ్లు పోసి పెట్టండి. చాయ్ తాగినప్పుడల్లా సీసాలోంచి అన్ని నీళ్లు తీసెయ్యండి. ఇంట్లో గొడవ తగ్గుతుంది.

ఫాస్ఫరస్ గోళీలు రాసిచ్చి ఉంటే అవి అన్నంతో పాటే వేసుకోవాలి. తిండిలోని ఫాస్ఫరస్‌ని పేగులోనే పట్టుకోవడం వాటి పని. తిన్న రెండు గంటలకి వేసుకుంటే పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

మన పంట గురించి కూడా ఒక మాట. మల్బరీ ఆకు పొడి షుగరుకి మంచిదని అమ్ముతున్నారు. ఆ ఆకులో చక్కెర అరుగుదలని నెమ్మది చేసే గుణం ఉన్న మాట నిజం. కానీ షుగరు గోళీలు వాడే కిడ్నీ మనిషి దాన్ని కలిపి వేసుకుంటే చక్కెర మరీ పడిపోవచ్చు. డాక్టరుకి చెప్పకుండా ఏ పొడీ, ఏ పసరూ వద్దు.

*మొత్తం మానేస్తే ఏమవుతుంది*

పాలు వద్దు, పప్పు వద్దు, పండు వద్దు, గుడ్డు వద్దు అని ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పి పోతారు. ఆర్నెల్లకి ఆ మనిషి గంజీ అన్నంతో మిగులుతాడు. కండ కరుగుతుంది. కండ కరిగితే క్రియాటినిన్ కొంచెం తగ్గినట్టు కూడా కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు పథ్యం పనిచేసిందనుకుంటారు. ఒంట్లో బలం లేక జ్వరాలు, ఇన్ఫెక్షన్లు పట్టుకుంటాయి. డయాలసిస్ మనుషుల్లో పోషణ లేనివాళ్లే ముందుగా ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

ఇందులో ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. జబ్బు మగవాడికైతే అతని కోసం వేరే వంట చేస్తారు. బీడీలు చుట్టే అత్తమ్మకి వస్తే అందరూ తిన్నాక మిగిలింది తినడమే. ఉప్పు తక్కువ కూర తన ఒక్కదాని కోసం ఆమె వండుకోదు. ఇంట్లో అందరికీ ఉప్పు తగ్గించి వండి, కావాల్సినవాళ్లు కంచంలో వేసుకోండి. ఇది ఖర్చు లేని మందు.

*ఉద్దానం చెబుతున్న పాఠం*

మన తెలుగు నేల మీద ఈ జబ్బు పేరు చెబితే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల ఊళ్లలో షుగరు, బీపీ లేని కూలీలకీ రైతులకీ కిడ్నీలు పోయాయి. ఎందుకో ఒక్క కారణం ఇప్పటికీ తేలలేదు. శ్రీలంకలో వరి రైతులకి, మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీలకి ఇలాంటిదే ఉంది. ఎండలో పని, నీళ్లు చాలకపోవడం దీనికి తోడవుతున్నాయని పరిశోధకులు చాలామంది అనుమానిస్తున్నారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి.

తోటలో ఎండకి, సాంచెల దగ్గర వేడికి పనిచేసే మనందరం నేర్చుకోవాల్సింది ఒకటుంది. కిడ్నీ మొదట్లో నొప్పి పెట్టదు. నలభై దాటినవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోవాలి. ముందు తెలిస్తే డయాలసిస్‌ని ఏళ్ల తరబడి వెనక్కి నెట్టొచ్చు.

*చుట్టాలింటికి పోయేటప్పుడు*

1. ముందు ఫోన్ చేసి అడగండి: "వదినా, అన్నకి ఫాస్ఫరస్ ఎంతుంది, పొటాషియం ఎంతుంది? డాక్టరు ఎన్ని పాలు చెప్పిండు?"
2. రెండు లీటర్ల పాల డబ్బా బదులు చిన్న సీసా నెయ్యి, ఇంటి గుడ్లు, సొరకాయ, బీరకాయ పట్టుకెళ్లండి.
3. కోవా, కొబ్బరినీళ్లు, పళ్ల బుట్ట వద్దు.
4. "ఒక్కసారి తాగితే ఏం కాదు" అని బలవంతం చెయ్యకండి. "అసలు ముట్టకు" అని భయపెట్టనూ వద్దు.
5. రిపోర్టు చూపించి తిండి చీటీ రాయించుకున్నారా అని అడగండి. లేకపోతే తోడు వెళ్లండి. షోలాపూర్‌లో సర్కారు దవాఖానా ఉంది. మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిరావ్ ఫూలే జన ఆరోగ్య యోజన కింద, మన వైపు ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్‌కి సాయం ఉంది. కార్డు, కాగితాలు ముందే సరిచూసుకోండి.
6. డయాలసిస్ మొదలైనా, ఆగినా, రిపోర్టు మారినా తిండి చీటీ కొత్తది రాయించుకోవాలి.

ఇక్కడ రాసిన కొలతలు సాధారణంగా చెప్పేవి. మీ ఇంటి మనిషి కొలత మీ డాక్టరు చెప్పిందే.

ఈ ముక్క మీ ఊరి గ్రూపులో, చుట్టాల గ్రూపులో పంపండి. తిండి చీటీ అర్థం కాకపోతే వచ్చే వారం లోపు ప్రశ్న పంపండి, తెలిసినవాళ్లని అడిగి రాస్తాం. వచ్చే సంచికలో మళ్లీ షెడ్డులోకి పోదాం: ఎండాకాలం చాకీ గదిలో తేమ నిలబెట్టడం ఎలా.